ఒక్క బిడ్డ కోసం ఒక బడి

(విజయనగరంలో జరిగిన ముస్లిం తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరిలో ఒక సంగీత కళాశాల ఉన్నది. మనలో చాలామంది రోజూ దాని ముందునుండే వెళ్తూ ఉంటాము. అది ఎలా పుట్టిందో మన పిల్లలకు ఎంతమందిమి చెప్పాము? విజయరామ గజపతి మహారాజు ఆస్థానంలో చాగంటి జోగారావు గారనే ఆయన ఉండేవారు. ఆయన కుమారుడు గంగరాజుకు చూపు లేదు. అందరు పిల్లలూ చదివే చదువు ఆ బిడ్డకు కుదరదు, సంగీతమంటే మాత్రం ప్రాణం. ఆ ఒక్క బిడ్డ కోసం మహారాజు 1919లో సంగీత పాఠశాల తెరిపించారని ఈ ఊరివారు నేటికీ చెప్పుకొంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. ఇరవయ్యారేళ్ళ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ ఆచార్యులైనారు. ఒక్క బిడ్డ కోసం పెట్టిన బడి నూరేళ్ళు దాటి నిలిచి, ఎన్ని వందలమందికి విద్య నేర్పినదో మీకు తెలుసు.

ఆ తండ్రికి రాజాస్థానంలో పలుకుబడి ఉన్నది కనుక ఆ బడి వచ్చినది. ఆ మాట దాచనవసరం లేదు. కానీ ఆనాడు ఒక రాజు దయగా చేసిన పనిని, నేడు రాజ్యాంగమూ చట్టమూ ప్రతి బిడ్డకూ హక్కుగా వ్రాసి ఇచ్చాయి. బిడ్డను చూసి బడిని అమర్చవలసి ఉండగా, బడిని ముందే ఒక అచ్చులో పోసి, అందులో ఇమడని బిడ్డను మందబుద్ధి అంటున్నాము. ఈ రోజు నేను మాట్లాడదలచినది దానిని గురించే.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. ముప్పై సంవత్సరాలకు పైగా ఈ జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేశాను. ఒక బడిలో అయిదవ తరగతికి లెక్కలు చెబుతున్న రోజులవి. తరగతిలో ఒక దర్జీ కుమారుడు ఉండేవాడు. మన పిల్లవాడే. నల్లబల్ల మీద మిశ్రమ భిన్నం వ్రాసి, దానిని అపక్రమ భిన్నంగా మార్చమంటే తల వంచుకొని నిలబడేవాడు. ఒకసారి కాదు, సంవత్సరమంతా అంతే. ప్రగతి పత్రంలో నేనే నా చేత్తో ‘గణితంలో మిక్కిలి వెనుకబడినాడు’ అని వ్రాశాను. ఆరవ తరగతి సగంలో వాడు బడి మానేశాడు. తండ్రి పక్కన మరో కుట్టుమిషను మీద కూర్చున్నాడు.

కొన్ని నెలల తరువాత రంజాన్ రోజులలో బట్టలు కుట్టించడానికి ఆ దుకాణానికి వెళ్ళాను. తండ్రి నమాజుకు వెళ్ళాడు, పిల్లవాడు ఒక్కడే ఉన్నాడు. ముగ్గురు పిల్లలున్న ఒక తల్లి వచ్చి ఎంత బట్ట తేవాలని అడిగింది. వాడు ఆ పిల్లలను ఒకసారి తేరిపార చూసి, పెద్దవాడికి ఢాయీ మీటర్లు, నడిమివాడికి పౌనే దో, చిన్నవాడికి డేఢ్, మొత్తం పౌనే ఛే అని చెప్పేశాడు. కాగితం లేదు, కలం లేదు. రెండున్నర, ఒకటీ ముప్పావు, ఒకటిన్నర. కలిపితే అయిదూ ముప్పావు. నా తరగతిలో ఏడాదంతా నోరు విప్పని లెక్క అదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి భిన్నాలు వచ్చు. నేను వాడిన పదాలు రావు. అంతకంటే బాధాకరమైన సంగతి మరొకటి ఉన్నది. నా ఇంటి భాష కూడా వాడి భాషే. మా అమ్మ నాకు సవా, డేఢ్, ఢాయీ చెప్పే లెక్కలు నేర్పింది. తరగతిలో ఒక్కసారి ‘డేఢ్’ అని ఉంటే వాడి ముఖం వెలిగేది. నేను అనలేదు. తోటి ఉపాధ్యాయులు వింటే ఏమనుకుంటారోనన్న బిడియం నాకు. నా బిడియానికి వాడి చదువు బలి అయినది.

నమాజు ముగించుకొని తండ్రి వచ్చాడు. నేను తల దించుకొని, “పిల్లవాడిని మళ్ళీ పంపించండి భాయ్” అన్నాను. ఆయన కోపగించలేదు. మెడలోని టేపు సవరించుకుంటూ, “మాస్టర్ సాబ్, పండక్కి యాభైమంది పిల్లలకు బట్టలు కుడతాను. ఒకడి కొలతకు ఇంకొకడికి కత్తిరించను. మీ దగ్గర మావాడి కొలత ఎవరూ తీయలేదు” అన్నాడు. అంతకంటే పెద్ద విద్యాశాస్త్రం నేను ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు.

సోదరులారా! మన ఇళ్ళలోని ఒక బిడ్డ దినచర్య చూడండి. తెల్లవారుజామున మక్తబ్‌లో అరబీ అక్షరాలు, కుడినుండి ఎడమకు. ఇంటిలో అమ్మతో ఉర్దూ మాట. వీధిలో, ఆటలో ఉత్తరాంధ్ర తెలుగు. బడిలో పుస్తకం తెలుగు, మరో పుస్తకం ఇంగ్లీషు, ఎడమనుండి కుడికి. ఆరేళ్ళ బిడ్డ ఇన్ని భాషల మధ్య, ఇన్ని లిపుల మధ్య తిరుగుతున్నాడు. న్యాయంగా చూస్తే ఇది సంపద. ఇంత సంపద ఉన్న బిడ్డకు బడిలో లభించే బిరుదు ‘భాష రానివాడు’. ఎందుకంటే బడి వద్ద ఉన్న కొలబద్ద ఒక్కటే. అది ఒక భాషనే కొలుస్తుంది, ఒకే వేగాన్ని కొలుస్తుంది, వ్రాతపరీక్షలో వ్రాసినదానినే జ్ఞానమంటుంది.

చట్టం ఇలా చెప్పలేదు. రాజ్యాంగం 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయాలని ప్రతి రాష్ట్రానికీ నిర్దేశిస్తున్నది. ఇది 1956లో ఏడవ సవరణ ద్వారా వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో ఉండాలనీ, బిడ్డకు భయం, ఆందోళన లేకుండా చేయాలనీ అంటున్నది. మన రాష్ట్రంలో 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా ఇస్తూ చట్టం చేశారు. కాగితం మీద మనకు లోటు లేదు.

లోటు ఎక్కడున్నది? లెక్కలో ఉన్నది. 1949 ఆగస్టులో జరిగిన ప్రావిన్సుల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం నిర్ణయించినది. ఒక పాఠశాల మొత్తంలో ఆ మాతృభాష గల పిల్లలు 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తగ్గకుండా ఉంటే, కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించాలి. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలను గురించి ఎక్కడ చర్చ వచ్చినా నాటినుండి ఈ 10, 40 అంకెలే వినబడుతున్నాయి. సూత్రం మంచిదే. కర్నూలులోనో, కడపలోనో, గుంటూరు పాత బస్తీలోనో తరగతికి పదిమంది దొరకడం కష్టం కాదు. మన సంగతి వేరు. 2011 జనగణన ప్రకారం విజయనగరం జిల్లా జనాభా ఇరవైమూడు లక్షలు దాటినది. అందులో మనం నూటికి ఒక్కరం కూడా లేము. శ్రీకాకుళంలో ఇంకా తక్కువ. పట్టణంలో నాలుగు వీధులలో, మండల కేంద్రాలలో పది ఇళ్ళుగా, పల్లెలలో ఒకటి రెండు ఇళ్ళుగా చెదిరి ఉన్నాము.

శ్రీకాకుళం జామియా మసీదు పదిహేడవ శతాబ్దంలో కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించినది. అంటే ఈ గడ్డమీద మన ఉనికి నిన్నటిది కాదు. మూడున్నర శతాబ్దాలకు పైబడిన ఉనికి ఉండి కూడా, ఒక తరగతి గదిలో పదిమందిమి కాలేకపోవడం వలన మన భాష బడి గడప దాటి లోపలికి రాలేకపోతున్నది.

ఒక ఉదాహరణ అనుకుందాం. పక్కపక్క వార్డులలో నాలుగు ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. ఒకదానిలో మన పిల్లలు పన్నెండు మంది, ఒకదానిలో పద్నాలుగు, మిగిలిన రెండింటిలో తొమ్మిదేసి మంది. మొత్తం నలభైనాలుగు. బడివారీగా లెక్కిస్తే ఏ బడికీ ఉర్దూ ఉపాధ్యాయుడు రాడు. పట్టణంవారీగా లెక్కిస్తే ఒకరు రావాలి. పిల్లలు వారే, భాష అదే. లెక్కించే పద్ధతి మారితే హక్కు వస్తుంది, మారకపోతే పోతుంది. అందరికీ ఒకే నియమం పెట్టడమే సమానత్వం అనుకుంటే జరిగేది ఇదే. ఎక్కువమంది ఉన్నచోట అది రక్షణ అవుతుంది, తక్కువమంది ఉన్నచోట తలుపు మూస్తుంది.

బద్ర్ యుద్ధం తరువాతి సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బందీలలో చదువు వచ్చి, పరిహారం చెల్లించలేనివారు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు వ్రాత నేర్పితే విడుదల చేస్తామని దైవప్రవక్త (స) నిర్ణయించారు. అక్కడా పదిమందే. అయితే అక్కడ పది అనేది ఒక గురువు పూర్తి చేయవలసిన బాధ్యత. ఇక్కడ పది అనేది బిడ్డ దాటవలసిన అడ్డుకర్ర అయి కూర్చున్నది.

ఇక ఇంగ్లీషు సంగతి. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలలన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ, తెలుగు లేదా ఉర్దూను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచుతూ ఉత్తర్వులిచ్చినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసినది. ఆనాడు తల్లిదండ్రులలో అత్యధికులు ఇంగ్లీషే కావాలన్నారు. వారిని నేను తప్పు పట్టను. శ్రీమంతుల బిడ్డలు ఇంగ్లీషులో చదివి ఉద్యోగాలు పొందుతుంటే, మన బిడ్డకు మాతృభాష తియ్యదనం గురించి ఉపన్యాసం చెప్పడం న్యాయం కాదు. మన పిల్లలకు ఇంగ్లీషు రావాలి, బాగా రావాలి. నా మనవి ఒక్కటే. ఇంగ్లీషు నేర్పడం వేరు, బిడ్డకు తెలిసిన భాషను నోట కట్టేసి ఇంగ్లీషులో లెక్కలు చెప్పడం వేరు. ‘డేఢ్’ తెలిసిన బిడ్డకు దాని మీదుగా ‘ఒకటిన్నర’నూ, ‘వన్ అండ్ ఎ హాఫ్’నూ చేర్చడం తేలిక. ఆ మొదటి మెట్టు తీసివేస్తే పై మెట్లు ఎంత నునుపుగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఈ మాట చెప్పిన మొదటివాడిని నేను కాను. మన ఉత్తరాంధ్రయే ఈ పోరాటానికి పుట్టినిల్లు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, కొండలలోని సవర పిల్లలకు చదువు లేకపోవడం గమనించారు. వారిని తెలుగు నేర్చుకొని రమ్మనలేదు. తామే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి నడపమని కోరారని చెబుతారు. ఆ తరువాత తెలుగు పిల్లలకు సైతం పుస్తకాలలోని గ్రాంథికం పరాయి భాషగా మారినదని ఆయన గొంతెత్తారు. ఈ విజయనగరంలోనే గురజాడ అప్పారావు గారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించి అదే వాదం వినిపించారు. ఈనాడు మన బిడ్డ తెలుగు వాచకం హాయిగా చదవగలుగుతున్నాడంటే ఆ ఇద్దరి శ్రమ అందులో ఉన్నది.

గిడుగు వారు నాటిన ఆ విత్తనం ఊరకే పోలేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ వంటి ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల వాచకాలు తయారుచేసి, మొదట ఇంటి భాషలో, తరువాత క్రమంగా తెలుగులో బోధించే కార్యక్రమం ప్రారంభమైనది. మన కొండలలోని బడులు అందులో ఉన్నాయి. కనుక ‘ఇది సాధ్యం కాదు’ అనే అధికారికి మన జవాబు సిద్ధంగా ఉన్నది. అయ్యా, మీ శాఖే చేసి చూపించినది. ఆదివాసీ సోదరుల కోరికా మన కోరికా ఒకటే. విడివిడిగా అడగవలసిన అవసరం లేదు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని గురించి మాట్లాడాను. ఇక మన ఇంటిని చూసుకుందాం.

‘ముస్లిం బిడ్డ అంటే ఉర్దూ మాధ్యమం’ అని మనమే ఒక అచ్చు తయారుచేస్తే అది కూడా అన్యాయమే. మన రాష్ట్రంలో నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో చాలామందికి తరతరాలుగా ఇంటి భాష తెలుగే. ఈ జిల్లాలోనూ తల్లి పాలతో తెలుగే వచ్చిన ముస్లిం బిడ్డలు ఉన్నారు. వారికి ఉర్దూ రాకపోవడం ఈమాన్‌లో లోపం కాదు. ప్రజల భాషలలో, రంగులలో ఉన్న భేదాన్ని దివ్యఖుర్‌ఆన్ అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. దానిని మనం లోపంగా ఎంచరాదు.

మక్తబ్‌లను కూడా చూడండి. ముప్పైమంది పిల్లలను ఒకే వరుసలో కూర్చోబెట్టి, ఒకే వేగంతో సబఖ్ చెప్పించి, వెనుకబడినవాడి చేతిమీద బెత్తం పడుతుంటే, బడిని విమర్శించే అర్హత మనకు ఎక్కడిది? దైవప్రవక్త (స) తమ సహచరులను ఒకే అచ్చులో పోయలేదు. ఖుర్‌ఆన్ పారాయణంలో ఉబై ఇబ్నె కఅబ్ (రజి), వారసత్వపు లెక్కలలో జైద్ ఇబ్నె సాబిత్ (రజి), ధర్మసమ్మతాల ఎరుకలో ముఆజ్ ఇబ్నె జబల్ (రజి) అగ్రగణ్యులని ఆయన స్వయంగా గుర్తించారు. లెక్కలవాడిని పారాయణంలో తూచి తక్కువ చేయలేదు.

ఆడపిల్లల విషయంలో మన అచ్చు మరీ ఇరుకు. కొడుకు తప్పితే ట్యూషన్ పెట్టిస్తాము, కూతురు తప్పితే కుట్టుమిషను ముందు కూర్చోబెడతాము. చదువు కుదరలేదని తేల్చేముందు ఆ బిడ్డ కొలత ఎవరైనా తీశారా?

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక రెండు సంగతులు చెప్పినది. దేశంలో బడికి వెళ్ళే వయసున్న ముస్లిం పిల్లలలో మదరసాలలో చదివేవారు నూటికి నలుగురికి మించరు. 6 నుండి 14 సంవత్సరాల మధ్య వయసు పిల్లలలో నాలుగోవంతు మంది అసలు బడి ముఖం చూడనివారు గాని, మధ్యలో మానినవారు గాని. అంటే మన పిల్లలు మదరసాకు పోయి బడికి రావడం లేదన్న ప్రచారం అబద్ధం. వారు బడికే వస్తున్నారు. అక్కడ ఇమడలేక వెళ్ళిపోతున్నారు.

మరి మనం చేయవలసినవి ఏమిటి? పెద్ద మాటలు వద్దు. ఈ వేసవిలోనే మొదలుపెట్టగల పనులు చెబుతాను.

మొదటిది, బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో ‘మాతృభాష’ అనే గడి ఉంటుంది. చాలామంది దానిని ఉపాధ్యాయులకే వదిలేస్తారు. వారు అలవాటుగా తెలుగు అని వ్రాస్తారు. ఉర్దూ ఇంటి భాష అయితే ఉర్దూ అని మీరే వ్రాయించండి. తెలుగు అయితే తెలుగు అని వ్రాయించండి. నిజం వ్రాయించండి. రాబోయే జనగణనలోనూ అంతే. లెక్కలో లేని బిడ్డకు ఉపాధ్యాయుడు రాడు.

రెండవది, మాతృభాషలో బోధన కోరే పిల్లల పేర్లను విద్యాసంవత్సరానికి ముందుగానే నమోదు చేసుకోవాలనీ, ఒక బడిలో సంఖ్య చాలకపోతే పక్క బడులతో సర్దుబాటు చేయాలనీ భాషా అల్పసంఖ్యాకుల రక్షణ నియమాలలో ఉన్నది. ఈ రెండు మాటలు అధికారులకు మనం గుర్తు చేయాలి. మసీదు కమిటీలు వార్డులవారీగా జాబితా తయారుచేసి, సంతకాలతో జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వాలి. నాలుగు బడులకు కలిపి ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు, వారంలో రోజుల చొప్పున తిరిగేలా అడుగుదాం.

మూడవది, పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగంమంది స్త్రీలే ఉండాలి. మన సోదరీమణులు అందులో నిలబడాలి. వంటగదిలో చెప్పుకొనే బాధ ఆ సమావేశంలో చెబితే తీర్మానంగా మారుతుంది.

నాలుగవది, బడి మానిన పిల్లలు. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం, మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పన్నెండేళ్ళవాడిని చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టి అవమానించనవసరం లేదు. ఏ దుకాణంలో, ఏ బేకరీలో ఏ బిడ్డ పనిచేస్తున్నాడో మనకందరికీ తెలుసు. ముందు మన దుకాణాల నుండే మొదలుపెడదాం.

అయిదవది, సాయంత్రం మగ్రిబ్, ఇషా మధ్య ఒక గంట. కళాశాలలో చదివే మన యువకులు, యువతులు ఒక్కొక్కరు అయిదుగురు పిల్లల బాధ్యత తీసుకోండి. ఆ బిడ్డకు ఏ భాషలో అర్థమవుతుందో ఆ భాషలో చెప్పండి. బెత్తం వద్దు. మార్కుల పట్టికా వద్దు.

చివరగా, ఆ దర్జీ కుమారుడి సంగతి. నేను ఎన్నిసార్లు అడిగినా వాడు మళ్ళీ బడికి రాలేదు. ఈ ప్రసంగానికి సుఖాంతం ఇవ్వలేకపోతున్నందుకు క్షమించండి. నేడు వాడు మంచి పనివాడు, నలుగురికి పని నేర్పుతున్నాడు. మొన్న కలిసినప్పుడు తన కూతురిని ఒకటవ తరగతిలో చేర్చానని చెప్పాడు. “మాస్టర్ సాబ్, దీనికి భిన్నాలు నేను నేర్పుతాను. మిగిలినవి మీరు చూసుకోండి” అని నవ్వాడు. వాడు నవ్వాడు గాని నేను నవ్వలేకపోయాను.

ఆ పాప ఇంకో నాలుగేళ్ళలో అయిదవ తరగతికి వస్తుంది. నల్లబల్ల ముందు నిలబడుతుంది. ఆ రోజు ఆమెకు తెలిసినదానిని ఆమె భాషలో అడిగే గురువు ఆ గదిలో ఉంటారా? ఈ ఊరు ఒకప్పుడు ఒక్క బిడ్డ కోసం ఒక బడిని కట్టినది. ఈ పాప కోసం ఒక్క ఉపాధ్యాయుడిని అడగడానికి మనం సంకోచించవలసిన పని లేదు. వచ్చే శుక్రవారం జుమా తరువాత, పేర్ల జాబితా వ్రాయడానికి కాగితమూ కలమూ పట్టుకొని నేను మసీదు వరండాలో కూర్చుంటాను. మీరు రండి. మీ బిడ్డ కొలత మీరే చెప్పండి.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్.